కంపు ఎప్పుడొస్తోంది? ముందు అది అడగండి

కారులో ఐదుగురు కూర్చున్నారు. సిగ్నల్ దగ్గర బండి ఆగింది. ఒక్కసారిగా కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. ఏం జరుగుతుంది? ముందు అద్దాలు దిగుతాయి. తర్వాత అందరూ అందరి మొహాలూ చూసుకుంటారు. ఎవరూ ఒప్పుకోరు. వెనక సీట్లో ఉన్న చిన్నపిల్లాడి మీదకి నేరం వెళ్లిపోతుంది.

మా బాబాయ్ కారులో ఈ సీను మూడు నెలలు నడిచింది. ఆయనది తెనాలి. 2015 మోడల్ పెట్రోల్ సెడాన్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొని పెళ్లిళ్లకీ, తిరుపతి ట్రిప్పులకీ తిప్పేవాడు. ఎక్కినవాళ్లు మొదట్లో నవ్వుకున్నారు, తర్వాత మొహం చిట్లించారు, ఆ తర్వాత వేరే బండి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు నన్ను పిలిచాడు.

"ఒరేయ్, ఇంజినీరింగ్ చదివావు కదా. ఈ కంపేంటో చూడరా."

2019 వేసవి అది. డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. ఆ రోజులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా ఏదైనా అడిగితే చాలు, నాలుగేళ్ల చదువు వృథా కాలేదని చూపించుకోవాలని ఒకటే తొందర. ఫోన్ తీశా, వెతికా. పది నిమిషాల్లో తేల్చేశా. "క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది బాబాయ్. మార్చేయాలి."

మార్చారు. 27 వేలు అయింది. చెల్లి హాస్టల్ ఫీజు కోసమని పిన్ని పక్కన పెట్టిన డబ్బు అది. కంపు మాత్రం పోలేదు. నిజం చెప్పాలంటే ఇంకాస్త ఘాటుగా రావడం మొదలైంది.

ప్లేస్‌మెంట్లకి సిద్ధమవుతున్న మీకు ఒక కారు పొగ గొట్టం గురించి ఇంత ఎందుకు చెబుతున్నానంటే, నాకు ఆరోజు లేనిది కెమిస్ట్రీ కాదు. కెమిస్ట్రీ తెలుసు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే పేరు ఇంటర్‌లోనే బట్టీ పట్టాం కదా. లేనిది ఏంటంటే, జవాబు చెప్పే ముందు ఒక్క ప్రశ్న అడగాలన్న బుద్ధి. మన కాలేజీలు ఇది నేర్పడం లేదన్నది నా గట్టి అభిప్రాయం. లక్షణం చెబితే పార్టు పేరు చెప్పే పోటీ పరీక్షలాగా తయారయ్యాం.

సరే, అసలు సంగతిలోకి వద్దాం. పెట్రోల్ ముడిచమురు నుంచి వస్తుంది. ముడిచమురులో గంధకం ఉంటుంది. మన విశాఖ రిఫైనరీతో సహా అన్ని శుద్ధి కర్మాగారాల్లోనూ హైడ్రోజన్‌తో చర్య జరిపించి ఆ గంధకాన్ని తీసేస్తారు. పూర్తిగా మాత్రం తీయలేరు. బీఎస్-3 కాలంలో పెట్రోల్‌లో 150 పీపీఎం వరకు ఉండనిచ్చారు. బీఎస్-4లో 50. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చాక 10. అంటే బాబాయ్ 40 లీటర్ల ట్యాంకు నింపిస్తే, ఆనాటి లెక్కన మహా అయితే ఒకటిన్నర గ్రాముల గంధకం. ఇవాళైతే 0.3 గ్రాములు. చిటికెడు కూడా కాదు. కానీ మన ముక్కు ఈ ఒక్క వాయువు విషయంలో మహా గట్టిది. గాలిలో వంద కోట్ల భాగాల్లో కొన్ని భాగాలున్నా పట్టేస్తుంది.

ఇంజిన్‌లో ఆ గంధకం మండి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. అది కుళ్లిన గుడ్డు వాసన కాదు, కాల్చిన అగ్గిపుల్లలాంటి వాసన. మరి గుడ్డు వాసన ఎక్కడ తయారవుతోంది? కన్వర్టర్‌లోనే. అందులో తేనెపట్టులాంటి దిమ్మ ఉంటుంది. దానిమీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత, దాంతోపాటు సీరియా అనే ఆక్సైడ్. సీరియా పని ఆక్సిజన్‌ని దాచుకోవడం, అవసరమైనప్పుడు వదలడం. గంధకాన్ని కూడా అది అలాగే దాచుకుంటుంది. గాలి ఎక్కువగా, పెట్రోల్ తక్కువగా ఉన్నప్పుడు సల్ఫేట్ల రూపంలో పోగేసుకుంటుంది. పెట్రోల్ ఎక్కువైందా, ఆ పోగేసిందాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చి వదిలేస్తుంది.

ఈ ముక్క ఇంకోసారి చదవండి. వాసనని తయారు చేస్తున్నది కన్వర్టరే. అంటే కంపు కొడుతోందంటే కన్వర్టర్ చచ్చిపోయిందని కాదు, చాలాసార్లు అది ఇంకా బతికే ఉందని అర్థం. దానికి అందాల్సిన గాలి-పెట్రోల్ పాళ్లు తప్పాయని అర్థం. నేను బాబాయ్ చేత బతికున్నదాన్ని తీయించి, ఇంకా చురుకైన కొత్తదాన్ని పెట్టించాను. ఘాటు పెరగక ఏమవుతుంది?

కన్వర్టర్లు పాడవ్వవని నేను అనడం లేదు. లోపలి దిమ్మ వేడికి కరిగి మూసుకుపోవడం ఉంది. అప్పుడు బండి పికప్ పోతుంది, ఎక్కువ వేగం అందుకోదు, అడుగున విపరీతమైన వేడి ఉంటుంది. కానీ అలా కరగడానికి కూడా తరచూ కారణం మండని పెట్రోల్ లోపలికి చేరడమే. కారణం వదిలేసి కన్వర్టర్ మారిస్తే కొత్తది కూడా అదే దారిన పోతుంది.

ఇంకో మాట. అప్పుడప్పుడు వచ్చి పోయే వాసన జబ్బు కాదు. తిరుమల ఘాట్ ఎక్కుతున్నారు, కారు నిండా జనం, ఏసీ ఆన్. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ కంట్రోల్ యూనిట్ కావాలనే కాస్త ఎక్కువ పెట్రోల్ పోస్తుంది. అప్పటిదాకా దాచుకున్న గంధకం ఒక్కసారి బయటికొస్తుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోల్ ఆగిపోతుంది, గాలి మాత్రమే వెళ్తుంది, మళ్లీ పోగవుతుంది. కింద అలిపిరి దాటి జోరు పెంచగానే ఇంకోసారి వాసన. రెండు నిమిషాల్లో పోతే దానికి మెకానిక్ అక్కర్లేదు. రోజూ వస్తే, సిగ్నల్ సిగ్నల్‌కీ వస్తే, అప్పుడే వెతకాలి.

మా బాబాయ్‌ది ఈ రెండో రకం. కొత్త కన్వర్టర్ వేయించాక కూడా వదలకపోతే, బండి తీసుకుని ఇద్దరం విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. అక్కడ బాబాయ్‌కి తెలిసిన ఒక పెద్దాయన షెడ్డు ఉంది. అరవై దాటిన మనిషి. పదో తరగతి కూడా చదివి ఉండడు. నేను వెళ్లగానే మొదలుపెట్టా, కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్, ఇంజెక్టర్ అని. ఆయన వింటూ చేతులు తుడుచుకున్నాడు.

"బాబూ, కంపు ఎప్పుడొస్తుంది?"

"ఎప్పుడూ వస్తుందండీ."

"ఎప్పుడూ వచ్చేదైతే ఇప్పుడు రావాలిగా. నాకు రావట్లేదే?"

నిజమే, అప్పుడు రావడం లేదు. హైవే మీద తిన్నగా వచ్చాం. మూడు నెలలుగా ఆ బండి గురించి మాట్లాడుతున్నాం, ఇద్దరిలో ఒక్కరం కూడా ఎప్పుడొస్తోందో రాసుకోలేదు. ఆయన వరుసగా అడిగాడు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడా, వేడెక్కాకా? ఆగి ఉన్నప్పుడా, పరిగెడుతున్నప్పుడా? వెనక నుంచా, బానెట్ దగ్గరా? మైలేజీ ఏమైనా తగ్గిందా? పెట్రోల్ కొట్టించాక బండి స్టార్ట్ అవడానికి మొరాయిస్తోందా?

ఆ చివరి ప్రశ్నకి బాబాయ్ మొహం మారిపోయింది. "అవును గురువుగారూ. ట్యాంకు నింపాక రెండు మూడు సార్లు తిప్పితే గానీ అందుకోదు. కంపు కూడా ఆ రోజే ఎక్కువ. అందుకే ఆ బంకు పెట్రోల్ మంచిది కాదని బంకు మార్చా." మూడు బంకులు మార్చాడట! నాతో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పలేదని కాదు, నేను అడగలేదు.

పెద్దాయన బానెట్ ఎత్తి, ఇంజిన్ దగ్గర బొటనవేలంత లావు రబ్బరు పైపు ఒకటి చూపించాడు. పెట్రోల్ ట్యాంకులో ఆవిరి గాలిలోకి పోకుండా బొగ్గు డబ్బా ఒకటి పట్టి ఉంచుతుంది. బండి నడుస్తున్నప్పుడు సమయం చూసి ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలి మండించేస్తారు. ఆ వదిలే తలుపు పేరు పర్జ్ వాల్వ్. కొలిచి తెరుచుకోవాలి, కొలిచి మూసుకోవాలి. బాబాయ్ బండిలో అది తెరుచుకునే ఉండిపోయింది. ట్యాంకు నింపిన రోజు ఆవిరి ఎక్కువ, కాబట్టి ఆ రోజు కంపు ఎక్కువ. బంకు పెట్రోల్ తప్పేమీ లేదు.

అక్కడ నేను చేసిన పనికొచ్చే పని ఒక్కటే. నా బ్యాగులో ఓబీడీ రీడర్ ఉంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసమని కొన్న చవక బ్లూటూత్ రకం. 2013 తర్వాత మన దేశంలో అమ్మిన కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి తగిలిస్తే ఫోన్‌లో అంకెలు కనపడతాయి. ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూశాం.

ఫ్యూయల్ ట్రిమ్ అంటే ఏంటో నాకు తోచినట్టు చెబుతా. వంటింట్లో అమ్మ కూర చేస్తోంది. ఆమెకి తెలీకుండా ఎవరో గిన్నెలో ఉప్పు వేస్తున్నారు. రుచి చూసిన ప్రతిసారీ అమ్మ తను వేసే ఉప్పు తగ్గిస్తూ పోతుంది. ఆ తగ్గింపే ట్రిమ్. పొగ గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ రుచి చూస్తుంది, కంట్రోల్ యూనిట్ పెట్రోల్ తగ్గిస్తుందో పెంచుతుందో శాతాల్లో చెబుతుంది. సున్నాకి అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే సాధారణంగా కంగారు లేదు. బాబాయ్ బండి నిలబడి ఉన్నప్పుడు మైనస్ 21 చూపించింది. అమ్మ తగ్గించాల్సినంతా తగ్గించేసింది, ఇంకా కూర ఉప్పగానే ఉంది. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎంకి తెస్తే మైనస్ 5కి వచ్చేసింది. ఎందుకంటే ఇంజిన్ ఎక్కువ గాలి లాగుతున్నప్పుడు ఆ ఆవిరి పెళ్లి గుండిగలో చిటికెడు ఉప్పు లాంటిది. అందుకే హైవే మీద వాసన లేదు, సిగ్నల్ దగ్గర ఉంది. పెద్దాయన ప్లయర్‌తో ఆ రబ్బరు పైపుని నొక్కిపట్టాడు. నిమిషం లోపే అంకె సున్నా వైపు పాకడం మొదలైంది. వదిలాడు, మళ్లీ కిందికి. మళ్లీ నొక్కాడు, మళ్లీ పైకి.

నాలుగేళ్ల ల్యాబుల్లో నాకు అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. ఆ వెంటనే 27 వేలు గుర్తొచ్చాయి.

వాల్వ్ 1,600 రూపాయలు, పెద్దాయన మజూరీ 300. దాంతో పాటు బాబాయ్‌కి చిన్న చీవాట్లు పెట్టాడు. పెట్రోల్ కొట్టే గన్ టక్కుమని ఆగాక కూడా "రౌండ్ ఫిగర్ చెయ్యి" అనే అలవాటు మనందరికీ ఉంది కదా. అలా నోటిదాకా నింపితే ఆవిరి పోవాల్సిన దారిలోకి పెట్రోలే చేరుతుంది, బొగ్గు డబ్బా పాడవుతుంది. గన్ ఆగిందంటే ఇక చాలు.

ఇంకో సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. డాష్‌బోర్డు సొరుగులో రెండేళ్ల పొల్యూషన్ సర్టిఫికెట్లు ఉన్నాయి. బీఎస్-4 పెట్రోల్ కారుకి నిలబడి ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. ముందు ఏడాది చీటీ మీద 0.04. ఈ ఏడాది 0.27. రెండింటి మీదా పాస్ అనే ఉంది. పెట్రోల్ పాళ్లు పెరిగితే మొదట పెరిగేది కార్బన్ మోనాక్సైడే. జవాబు సొరుగులో పెట్టుకుని మేము బంకులు మారుస్తున్నాం! పాస్ అన్న మాట చూసి అంకె చూడకపోవడం మనకి బాగా అలవాటైన జబ్బు. సెమిస్టర్ మార్కుల దగ్గర్నుంచీ ఉంది.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి కంపు వస్తే అన్నిసార్లూ పర్జ్ వాల్వే అనుకోకండి, అప్పుడు నేను చేసిన తప్పే మీరూ చేసినట్టు. కారే ఇంజెక్టర్ కావచ్చు. ఇంధనం ఒత్తిడి ఎక్కువై ఉండొచ్చు. గాలి కొలిచే సెన్సర్ అబద్ధం చెబుతుండొచ్చు. ఇంజిన్ వేడెక్కినా ఇంకా చల్లగా ఉందని చెప్పే సెన్సర్ కావచ్చు. దేనికదే వేరే సమయంలో, వేరే తీరులో బయటపడుతుంది. వేడి మీద స్టార్ట్ చేసినప్పుడు మొరాయిస్తే ఇంజెక్టర్ వైపు చూడాలి. ఆగినా, పరిగెత్తినా ట్రిమ్ ఒకేలా మైనస్‌లో ఉంటే ఒత్తిడి వైపు చూడాలి. చెక్ ఇంజిన్ లైటు వెలిగి పీ0172 అనే కోడ్ వస్తే పెట్రోల్ పాళ్లు ఎక్కువయ్యాయని చెబుతోందంతే, ఏ పార్టు మార్చాలో చెప్పడం లేదు. కోడ్‌ని తీర్పులా చదివే మెకానిక్‌లు ఎక్కువైపోయారు. ఇంజినీర్లు కూడా.

కొన్నిసార్లు అసలు పొగ గొట్టమే కాదు. గత ఏడాది ఒక జూనియర్ ఫోన్ చేశాడు, "అన్నా, నాన్న కారులో గుడ్డు కంపు, కన్వర్టర్ ఎంతుంటుంది?" అని. ఎప్పుడొస్తోంది, ఎక్కడ్నుంచి వస్తోంది చూడమన్నా. రాత్రిపూట దూరం వెళ్లొచ్చాక, ముందు వైపు నుంచి అన్నాడు. బ్యాటరీ దగ్గర వోల్టేజీ కొలిపిస్తే, బండి నడుస్తుండగా 15.8. సాధారణంగా 14 దరిదాపుల్లో ఉండాలి. ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పోయి బ్యాటరీ ఉడికిపోతోంది. దాన్నుంచి కూడా అదే వాయువు వస్తుంది, దాంతోపాటు నిప్పురవ్వ తగిలితే పేలే హైడ్రోజన్ కూడా. అలాంటప్పుడు ఇంజిన్ ఆపేసి దూరంగా ఉండాలి, టెర్మినళ్లు పీకకూడదు. ఇక సీఎన్‌జీ, ఎల్‌పీజీ కార్లయితే ఇంకా జాగ్రత్త. ఆ గ్యాసుకి సొంత వాసన ఉండదు. లీకైతే తెలియాలని గంధకం ఉన్న మెర్క్యాప్టన్ కలుపుతారు. ఆ కంపు వస్తే సెన్సర్ల గురించి ఆలోచించే సమయం కాదు. బండి ఆపి, సిలిండర్ వాల్వ్ కట్టేసి, అందరూ దిగాలి.

ఈ మధ్య కంపు అనగానే ఈ20 పెట్రోల్ మీదకి తోసేయడం ఫ్యాషన్ అయింది. ఇథనాల్ మీద ఇతర ఫిర్యాదులు ఎన్ని ఉన్నా ఈ ఒక్క నేరం దానికి అంటదు. అందులో గంధకం దాదాపు ఉండదు. పైగా ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాళ్లు తప్పితే పెట్రోల్ తక్కువైనట్టు వైపుకే తప్పుతాయి, కంపు పుట్టే వైపుకి కాదు. కోపం వేరు, కారణం వేరు.

వాసన పరీక్ష చేద్దామని మాత్రం పొగ గొట్టం దగ్గర ముక్కు పెట్టొద్దు. తలుపులేసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి వెతకొద్దు. కంపు కొట్టేది మీకు తెలుస్తుంది, దాంతోపాటే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి ఏ వాసనా లేదు. ప్రాణం తీసేది అదే. హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా మోతాదు పెరిగితే ముక్కుని మొద్దుబారుస్తుంది. డ్రైనేజీ మ్యాన్‌హోళ్లలో దిగినవాళ్లు చనిపోయిన వార్తల వెనక ఎక్కువసార్లు ఉండేది ఈ వాయువే.

ఇప్పుడు మీ సంగతి. "నాది సీఎస్‌ఈ, నాకెందుకీ సైలెన్సర్ గోల?" అనొచ్చు. వెబ్‌సైట్ నెమ్మదించిందని సర్వర్ పెద్దది కొనమనే ఫ్రెషర్, కంపు కొడుతోందని కన్వర్టర్ మార్చమన్న నేను, ఇద్దరం ఒకటే. ఎప్పుడు నెమ్మదిస్తోంది? అందరికీనా, కొందరికేనా? నిన్న ఏం మార్చారు? రబ్బరు పైపు నొక్కినట్టు ఒక్కదాన్ని మాత్రమే ఆపి చూడగలమా? నేను పని చేసే చోట కొత్తవాళ్లలో ఈ ప్రశ్నలు అడిగేవాళ్ల కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తాం. కోడ్ రాసేవాళ్లు బోలెడంతమంది దొరుకుతున్నారు.

ఒక అభ్యంతరం మాత్రం ఒప్పుకుంటా. క్యాంపస్‌లో మొదటి రౌండ్ ఆప్టిట్యూడ్, రెండోది కోడింగ్. అక్కడ ఎవరూ కంపు గురించి అడగరు. అవి దాటకపోతే ఈ కబుర్లన్నీ దండగ. కాబట్టి వాటి ప్రిపరేషన్ మానేయమని చెప్పడం లేదు. ఆ తర్వాత గదిలో ఎదురుగా మనిషి కూర్చుంటాడు చూడండి, అక్కడి గురించి చెబుతున్నా. నాకు ఆ తర్వాత ఐదో ఆరో ఇంటర్వ్యూలో "నువ్వు ఘోరంగా తప్పు చేసిన సందర్భం చెప్పు" అన్నారు. అందరూ చెప్పేదే, అతిగా కష్టపడటం నా బలహీనత అని చెబుదామనుకున్నా. ఎందుకో బాబాయ్ కారు చెప్పాను. అప్పటిదాకా ల్యాప్‌టాప్ చూస్తున్న ఆయన తల ఎత్తాడు. ట్రిమ్ ఎందుకు మైనస్ అయిందో బోర్డు మీద గీయమన్నాడు. ఇరవై నిమిషాలు దానిమీదే గడిచింది. ఆ ఉద్యోగం రాలేదు, వేరే కారణాలున్నాయి. కానీ అంతకుముందు ఏ ఇంటర్వ్యూలోనూ నేను ఐదు నిమిషాలకి మించి నా సొంత మాట మాట్లాడలేదు. నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కొన్నది మరి, దాని గురించి ఏం మాట్లాడతాను?

మీ రెజ్యూమెలో ఉన్న ప్రాజెక్టు కూడా అలాంటిదే అయితే, నన్నడిగితే ఈ సెలవుల్లో ఓబీడీ రీడర్ ఒకటి కొనండి. ఒక బిర్యానీ పార్టీ ఖర్చులో వస్తుంది. ఇంట్లో కారు లేకపోతే మీ వీధి చివరి షెడ్డులో అడిగి నిలబడండి. మొదటి రోజు "టీ పట్రా బాబూ" అంటారు, పట్టుకురండి. రోగం ఉన్న బండి అంకెలు, బాగైన బండి అంకెలు పక్కపక్కన రాసుకోండి. నోట్‌బుక్‌లో మొదటి గడి మాత్రం 'ఎప్పుడు' అని పెట్టుకోండి.

బాబాయ్‌కి ఆ 27 వేలు నా మొదటి జీతంలోంచి, రెండో జీతంలోంచి ఇచ్చేశా. వద్దన్నాడు, పిన్ని తీసుకుంది. ఆ బిల్లు ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. మొన్న తీసి చూస్తే కింద చివరి వరుస కనపడింది, 'పాత సామాను షాపు వారికే' అని. బతికున్న కన్వర్టర్, లోపల పల్లాడియం, రోడియంతో సహా. స్క్రాప్ మార్కెట్‌లో దాని ధర ఎంతో నేను అప్పుడు అడగలేదు. ఆమాటకొస్తే, అసలు దాన్ని తిరిగిమ్మనే అడగలేదు.